తొలి నవల చిత్తుప్రతి: అచ్చుతప్పులు ఆఖర్న చూడండి

చిత్తుప్రతి పూర్తవగానే చాలామంది మొదటి పేజీ తెరిచి అచ్చుతప్పులు దిద్దడం మొదలుపెడతారు. ఆ పేజీ అసలు పుస్తకంలో ఉంటుందో లేదో అప్పటికి తేలలేదు. పైగా చెక్కి చెక్కి నునుపు చేసుకున్న వాక్యాన్ని తర్వాత కొట్టేయడానికి చెయ్యి రాదు.

నెల రోజులు చిత్తుప్రతి జోలికి పోకండి. తర్వాత ప్రింటు తీసి, పెన్ను పట్టకుండా రెండు మూడు రోజుల్లో చదివేయండి. విసుగొచ్చిన చోట పేజీ మూల మడవండి, అంతే. రెండోసారి చదువుతూ నోటుబుక్కులో అధ్యాయానికి మూడు గడులు నింపండి: ఎవరికి ఏం కావాలి, ఏం మారింది, ఏ నెల ఏ వేళ. "ఏం మారింది" గడి ఖాళీగా మిగిలితే ఆ అధ్యాయం తీసేయాలి, లేదా పక్కదాంట్లో కలపాలి. ఈ జబ్బు ఎక్కువగా మొదటి మూడు అధ్యాయాల్లోనే కనిపిస్తుంది. ఊరి వర్ణన, వంశచరిత్ర, నాయకుడి బాల్యం అన్నీ అయ్యాక, నాలుగోదాంట్లో గానీ కథ కదలదు. తీసేసినవి వేరే ఫైల్లో దాచుకోండి, బాధ తగ్గుతుంది.

మూడో గడికి పంచాంగం పక్కన పెట్టుకోవాలి. దీపావళి రాత్రి డాబా మీద వెన్నెల కురవదు, ఆ రోజు అమావాస్య. వినాయక చవితి చంద్రుడు భోజనాలయ్యే వేళకే దిగిపోతాడు. 2010లో నడిచే కథలో ఎవరూ "సిద్దిపేట జిల్లా" అనకూడదు. అది ఏర్పడింది 2016 అక్టోబరులో.

ఇక పిలుపులు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో ఒక పట్టిక రాసుకోండి. "మీరు" కాస్తా "నువ్వు" అయితే దానికి కారణం కథలో కనిపించాలి. కథనంలోనూ అంతే: ఒకే మనిషి ఒక పేజీలో "వాడు", ఇంకో పేజీలో "ఆయన" అయితే, చెబుతున్నదెవరో పాఠకుడికి తెలియదు. కరీంనగర్ అత్త "ఏం జేస్తున్నవ్ బిడ్డా" అని పలకరించి, పది పేజీల తర్వాత "ఏం చేస్తున్నావమ్మా" అంటే ఆవిడ మీద నమ్మకం పోయినట్టే. సంభాషణలన్నీ పైకి చదవండి. "నేను నీతో ఆ విషయం గురించి మాట్లాడాలనుకుంటున్నాను" అన్న వాక్యం నోటికి అడ్డం పడుతుంది. "నీతో ఓ మాట" చాలు.

పాత్ర పేరు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చే మీట నొక్కకండి. "రవి"ని "మధు" చేస్తే రవికె "మధుకె" అవుతుంది, అరవింద్ "అమధుంద్" అవుతాడు. "రవికి" కూడా "మధుకు" కావాలి. విభక్తులు యంత్రానికి తెలియవు. ఒక్కొక్కటీ చూసి మార్చండి.

అచ్చుతప్పులు ఇప్పుడు చూడండి. ప్రెస్సువాళ్లు మీ యూనికోడ్ ఫైల్ని "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలోకి మారిస్తే, మార్చిన ప్రతిని మొదటి నుంచి మళ్లీ ప్రూఫు చూడాలి. మీ ఫైల్లో సరిగ్గా ఉన్న వత్తులు, కొటేషన్ గుర్తులు అక్కడ చెదిరిపోతుంటాయి.