గాజు పలకలు, క్యారమ్ కాయిన్లతో ఫోటానిక్ స్ఫటికం

ఒక క్రమంలో పేర్చిన పొరలతో కొన్ని తరంగాలను ఆపేసే నిర్మాణమే ఫోటానిక్ స్ఫటికం. దాని పేరు అనగానే మా విద్యార్థులు నానోమీటర్లూ కోట్ల ఖరీదు చేసే యంత్రాలూ తలుచుకుని దూరం నుంచే దండం పెడతారు. ఇంజనీరింగ్ కళాశాలలో మైక్రోవేవ్ ల్యాబ్ చూసుకునే నేను మాత్రం దాన్ని గాజు కొట్టులో కొంటాను.

కాంతి, మైక్రోవేవ్ వంటి విద్యుదయస్కాంత తరంగాలను వివరించే మాక్స్‌వెల్ సమీకరణాలకు చిన్నా పెద్దా తేడా లేదు. అల పెద్దదైతే దాన్ని ఆపే నిర్మాణాన్నీ అదే నిష్పత్తిలో పెంచుకోవచ్చు. 1991లో భౌతిక శాస్త్రవేత్త యాబ్లొనొవిచ్ బృందం ఒక దిమ్మెకు మూడు దిక్కుల నుంచి ఏటవాలుగా రంధ్రాలు తొలిచి, ఎటు నుంచి వచ్చిన మైక్రోవేవ్‌నైనా ఆపింది. మనం ఆపేది ఒక్క దిశలోనే కాబట్టి డ్రిల్లు కూడా అక్కరలేదు.

10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 30 మిల్లీమీటర్లు. అందులో నాలుగో వంతు మందం గాజు, నాలుగో వంతు గాలి, మళ్లీ గాజు: ఇంతే నిర్మాణం. గాలి ఖాళీ 7.5 మి.మీ. గాజు దగ్గరే నేను బోల్తా పడ్డాను. గాజులో అల దాని వక్రీభవన గుణకం మేరకు కురచవుతుంది, కాబట్టి 7.5ను ఆ గుణకంతో భాగించాలి. పాఠ్యపుస్తకంలోని 1.5 పట్టుకుని లెక్కగట్టి 5 మి.మీ. పలకలు కోయించాను. పలక పెట్టినా మీటరు ముల్లు పెద్దగా కదలదే! ఆ 1.5 కంటికి కనిపించే కాంతికి. మైక్రోవేవ్‌కు అదే గాజు గుణకం దాదాపు 2.5. అందుకే 5 మి.మీ. పలక అర తరంగానికి దగ్గరై, అలను చాలావరకు వదిలేసింది. కావలసింది 3 మి.మీ.

కాబట్టి 30 సెం.మీ. చదరపు పలకలు నాలుగు తీసుకోండి. అంచులు అరగదీయించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. కొట్టువాడు 3 అన్నది 2.7 కూడా కావచ్చు. వెర్నియర్ కాలిపర్స్ వెంట తీసుకెళ్లండి. పలకల మధ్య నాలుగు మూలలా క్యారమ్ కాయిన్లు అంటించండి. టేపుతో కలిపి మందం 7.5 ఉండాలి. లావుగా ఉన్నవాటిని గరుకు కాగితం మీద రుద్దితే సరిపోతుంది.

మైక్రోవేవ్‌ను పుట్టించే గన్ డయోడ్‌కు వోల్టేజి సున్నా దగ్గర ఉంచే స్విచ్ వేయండి, ఆపేటప్పుడూ అంతే. అలను పంపే, అందుకునే గరాటుల్లాంటి రెండు హార్న్‌లను ఎదురెదురుగా పెట్టి, నడుమ అట్టకు అల్యూమినియం రేకు చుట్టిన చట్రం నిలబెట్టండి. చట్రం మధ్యలో 20 సెం.మీ. కిటికీ ఉండాలి. ముందు ఆ కిటికీని కూడా రేకుతో మూసి చూడండి. రీడింగు 30 డెసిబెల్స్ అయినా (అంటే శక్తి వెయ్యో వంతుకు) పడకపోతే అల చుట్టూ తిరిగి దొంగదారిన వస్తోందని అర్థం. అది సరిచేయకుండా ముందుకు పోతే మీరు కొలిచేది స్ఫటికాన్ని కాదు, గదిని.

ఇప్పుడు కిటికీ తెరిచి మీటరును సున్నాకు సర్ది, ఒక్కో పలక చేర్చండి. లెక్క ప్రకారం మొదటి పలకకు 3 డెసిబెల్స్, రెండుకు 10, మూడుకు 18, నాలుగుకు 26 తగ్గాలి. అంటే నాలుగు పారదర్శకమైన పలకలు దాటి వచ్చేది పావు శాతమే. మిగతాది దాదాపు అంతా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. హార్న్‌కూ పలకకూ మధ్య అల అటూ ఇటూ కొట్టుకుని రీడింగు ఊగుతుంటే, కట్టను 7.5 మి.మీ. జరిపి మళ్లీ చూసి సగటు తీసుకోండి.

నాకు ఇష్టమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. నడిమి ఖాళీలో కాయిన్ల మీద కాయిన్లు పెట్టి దాన్ని 15 మి.మీ. చేయండి. క్రమం చెడింది కాబట్టి అల ఇంకా బాగా ఆగిపోతుందని అందరూ అనుకుంటారు. జరిగేది తలకిందులు: సరిగ్గా 10 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నని దారి తెరుచుకుంటుంది. పౌనఃపున్యాన్ని మార్చే గన్ మైక్రోమీటరును వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ఆత్రపడితే ఆ శిఖరాన్ని దాటిపోతారు. గాజు కొంత మింగుతుంది కనుక రీడింగు సున్నాకు రాదు. మీ గాజు 2.7 మి.మీ. అయితే శిఖరం 10కి కాస్త పైన దొరుకుతుంది. కట్టను ఏటవాలుగా తిప్పితే ఇంకా పైకి జరుగుతుంది. నెమలి ఈకను తిప్పినప్పుడు రంగు మారేది కూడా ఇలాంటి వరసల వల్లే. కాకపోతే అక్కడి కొలతలు మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాలే.

దీనికంతటికీ 16 కాయిన్లు చాలు. సెట్టులో 19 ఉంటాయి. గరుకు కాగితం మీద అతిగా రుద్ది పాడుచేసుకోవడానికి మూడు మిగులుతాయి.