పెట్టె అడుగున దొరికిన పాత రూపాయి: గుర్తించడం, విలువ కట్టడం

ట్రంకు పెట్టె అడుగునో, దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కనో పాత నాణేలు దొరికినప్పుడు చాలామంది మొదట చేసే పని వాటిని చింతపండుతో తోమడం. దయచేసి ఆ పని చేయకండి. రాగి మీది గోధుమరంగు పొర, వెండిని కమ్మిన నలుపు ఆ నాణెం వయసుకు సాక్ష్యాలు. తోమి తళతళలాడించిన నాణేనికి సేకర్తలు బాగా తక్కువ ధర కడతారు, పోయిన పొర మళ్ళీ రాదు. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి.

తరువాత తూకం. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా చాలు. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే మన పెద్దలు లెక్కించిన పాత తులం. 1862 నుంచి 1939 వరకు సంవత్సరం ఉన్న రూపాయల్లో వెండి 91.7 శాతం కాగా, 1940 నుంచి 1945 వరకు వచ్చినవాటిలో సగమే వెండి. బరువు మాత్రం మారలేదు కనుక సంవత్సరం చదవకుండా తూకాన్నే నమ్మితే పొరబడతాం. 1947 సంవత్సరపు రూపాయలు నికెల్‌వి, అయస్కాంతానికి అంటుకుంటాయి. విక్టోరియా బొమ్మ ఉన్న రూపాయి అంటుకుంటే అది నకిలీ.

తెలంగాణ ఇళ్ళలో తరచుగా కనిపించేది చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి. దాన్ని చదవడం నేర్చుకున్నవారికి మిగతావి సులువవుతాయి కనుక ఇక్కడ కాస్త ఆగుదాం. భూతద్దంతో చార్మినార్ నడిమి కమాను లోపల చూడండి. అక్కడ ఉర్దూ అక్షరం ‘ఐన్’ ఉంటే అది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు నాణెం, ‘మీమ్’ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలానిది. సంవత్సరం హిజ్రీ (ఇస్లామీయ క్యాలెండరు) లెక్కలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది: సున్న చుక్కలా, ఒకటి నిలువు గీతలా, ఐదు తలకిందులైన హృదయంలా కనిపిస్తాయి. ఆ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1330 అయితే 1912. ఈ రూపాయి బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం.

ఇక విలువ. వెండి నాణేనికి అట్టడుగు ధర అందులోని వెండి ధరే: 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయిలో దాదాపు 10.7 గ్రాములు, నిజాం రూపాయిలో సుమారు 9.1 గ్రాములు. అంతకు మించి వచ్చేదంతా అరుదుదనానికీ, నాణెం స్థితికీ దక్కేది. 1939 రూపాయి అరుదు. అయిదవ జార్జి 1911 రూపాయిపై రాజు వస్త్రం మీది ఏనుగు పందిలా కనబడుతోందని అభ్యంతరం రావడంతో దాన్ని ఉపసంహరించారు, అందుకే సేకర్తలు దాన్ని వెతుకుతారు. స్థితిని చూసేటప్పుడు జుట్టు, కిరీటం, చెవి వంటి ఉబ్బెత్తు భాగాలు ఎంత అరిగాయో గమనించాలి. నగల్లో గుచ్చడానికి రంధ్రం చేసిన నాణేలకు, కొక్కెం అతికించిన నాణేలకు సేకరణ విలువ బాగా పడిపోతుంది, అంచున టంకం మరక మిగిలినా అంతే.

‘ఈస్ట్ ఇండియా కంపెనీ 1818’ అని రాసి రాముడో, హనుమంతుడో ఉన్న అర్ధణా కంపెనీ నాణెం కాదు, తరువాతి కాలంలో తయారైన బిళ్ళ. బియ్యాన్ని లాగుతుందని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ నాణెం పచ్చి మోసం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలిస్తామని, ముందు రుసుము కట్టమని అడిగేవారికి ఒక్క పైసా పంపకండి; పాత నాణేల కొనుగోళ్ళతో తనకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021లోనే స్పష్టం చేసింది. అమ్మదలిస్తే ముందు వేలంపాటల్లో అదే సంవత్సరపు నాణెం నిజంగా పలికిన ధర చూసి, ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకు చూపించండి. నూరేళ్ళు దాటిన నాణేన్ని విదేశాల్లోని బంధువులకు పంపడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం. పొలం దున్నుతుంటే లంకెబిందె బయటపడితే, 1878 నాటి చట్టాన్ని అనుసరించి ముందు కలెక్టరుకు తెలియజేయాలి.