అలవాట్లు పన్నెండు, యాప్ ఒక్కటి: ఎక్కడ తేడా కొడుతోంది?

రెండు మూడు అలవాట్లకైతే, చేసిన రోజు టిక్కు పెట్టుకునే ఏ హ్యాబిట్ ట్రాకర్ యాప్ అయినా సరిపోతుంది. పది దాటాకే దాని అసలు రంగు బయటపడుతుంది. కొత్త యాప్ వెతికే ముందు మీ ఇబ్బంది కింది వాటిలో ఏదో చూసుకోండి.

నాలుగో అలవాటు చేర్చబోతే డబ్బులు అడుగుతోంది

ఉచిత వెర్షన్‌కు పరిమితి ఉందన్నమాట. యాప్ వేసుకున్న మొదటి రోజే మీ అలవాట్లన్నీ ఎక్కించి చూస్తే ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్‌లో లూప్ హ్యాబిట్ ట్రాకర్‌కు ఈ బాధ లేదు: ఉచితం, ప్రకటనలు లేవు. ఐఫోన్‌లో స్ట్రీక్స్ కొనాల్సిన యాప్, దానికీ 24 అలవాట్ల హద్దు ఉంది.

వ్యాయామం వారానికి మూడు రోజులే, యాప్ మాత్రం రోజూ తప్పారంటోంది

ఎక్కువమంది యాప్ వదిలేసేది ఇక్కడేనని నా అనుమానం. 'సోమ, బుధ, శుక్ర' వేరు, 'వారంలో ఏవైనా 3 రోజులు' వేరు. సోమవారం కుదరక మంగళవారం చేశారనుకోండి. మొదటి పద్ధతిలో సోమవారం తప్పినట్టే, మంగళవారం చెమటకు లెక్కే ఉండదు. రెండో పద్ధతి ఉన్న యాప్ అయితే ఏ గొడవా లేదు. అంకె రాసుకునే వీలుందో లేదో కూడా చూడండి. టిక్కు ఒక్కటే ఉంటే, 8 గ్లాసుల నీళ్లకు 6 తాగినా ఏమీ తాగనట్టే.

ఒక్క రోజు తప్పితే 40 రోజుల లెక్క సున్నా

ఆ సున్నా చూశాక యాప్ తెరవబుద్ధి కాదు. వరుస రోజుల్ని మాత్రమే లెక్కపెట్టే యాప్‌తో వచ్చే తంటా ఇది. పన్నెండు అలవాట్లుంటే ఏదో ఒకటి తప్పని వారం ఉండదు కదా! లూప్‌లో అలవాటు బలాన్ని చూపే స్కోరు ఉంటుంది, ఒక రోజు తప్పితే కాస్త తగ్గుతుంది, అంతే. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించి, అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టొచ్చని అంచనా కట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ తేల్చారు. హ్యాబిటికా అనే యాప్ ఆటలా సరదాగానే ఉంటుంది కానీ, రోజువారీ పనులు తప్పితే ఆ ఆటలోని మీ పాత్రకు దెబ్బలు తగులుతాయి. జ్వరంతో పడుకున్నప్పుడు ఆ దెబ్బలు ఆపే సెట్టింగ్ ఉంది, ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

రాత్రి టిక్కులు పెట్టడమే ఓ పనైపోయింది

ఒక అలవాటుకు ఎన్ని నొక్కుళ్లో లెక్కపెట్టండి. యాప్ అలవాటు పేజీ తెరిచి, టిక్కు పెట్టి, సేవ్ చేయమంటే మూడు. పన్నెండింటికి 36! జాబితాలోనే, లేదా హోమ్ స్క్రీన్ విడ్జెట్ మీదే టిక్కు పడే యాప్ చూసుకోండి. ఉదయం, సాయంత్రం అని విడగొట్టే వీలుంటే ఇంకా నయం.

రిమైండర్లు రావట్లేదు, లేదా మరీ ఎక్కువ

రాకపోతే నోటిఫికేషన్ అనుమతి చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ అడిగినప్పుడు మనం ఒప్పుకోవాలి. తర్వాత బ్యాటరీ ఆదా సెట్టింగ్‌లోంచి ఆ యాప్‌ను తప్పించండి. ఎక్కువైతే తప్పు మనదే. నేను ఒకప్పుడు అన్నింటికీ పెట్టుకున్నాను. నాలుగో రోజుకల్లా కన్ను చదవకముందే బొటనవేలు పక్కకు తోసేసేది. ఇప్పుడు మాత్రలకొకటి, రాత్రి టిక్కులకొకటి, అంతే.

ఫోన్ మారిస్తే అంతా పోయింది

బ్యాకప్ లేకపోతే పోయింది తిరిగి రావడం కష్టం. లూప్ లాంటివి డేటాను ఫోన్‌లోనే దాస్తాయి, కాబట్టి నెలకోసారి బ్యాకప్ ఫైల్ తీసి ఫోన్ బయట పెట్టండి.