మొదటి సిమ్యులేషన్ గేమ్: ముందు ఎక్సెల్, తర్వాతే ఇంజిన్

మొదటి గేమ్‌లోనే ఊరంతా కట్టాలనుకోకండి. ఒక్క టీకొట్టు చాలు. చేతిలో డబ్బు, పాలు, వచ్చే జనం, కొట్టుకి ఉన్న మంచిపేరు: ఈ నాలుగు అంకెలూ ఒకదాన్నొకటి లాగుతుంటే అదే సిమ్యులేషన్.

దాన్ని ముందు ఎక్సెల్‌లోనో, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనో వేయండి. వరుసకో రోజు, 31 వరుసలు. కప్పు 10 రూపాయలు, మొదటిరోజు 60 మందికి 60 కప్పులు, అంటే 600. పాలకి 300, టీపొడికీ చక్కెరకీ గ్యాస్‌కీ 120, అద్దెకి 100 పోతే మిగిలేది 80. ఇప్పుడు రోజుకి 10 శాతం జనం పెరిగేలా ఫార్ములా రాసి కిందికి లాగండి. 31వ వరుసలో 1047 మంది! చాలా గేములు చెడేది ఇక్కడే. పెంచే రూలు ఉంటుంది, ఆపే రూలు ఉండదు. ఒక్క మనిషి రోజుకి 150 కప్పులకి మించి కాయలేడు, క్యూ పెరిగితే పేరు పడిపోతుంది అని చేర్చండి. అప్పుడు ఆడేవాడికి ఆలోచించే పని పడుతుంది.

ఇంజిన్‌కి, అంటే గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్‌కి, గోడో 4 తీసుకోండి. ఉచితం, ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు. పాత లాప్‌టాప్ అయితే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే కంపాటిబిలిటీ రెండరర్ (తెరమీద బొమ్మ గీసే భాగంలో తేలికైన రకం) ఎంచుకోండి. సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లకి యూనిటీ ఇంజిన్ కూడా సరే. టీకొట్టుకి అన్‌రియల్ లాంటి భారీ ఇంజిన్ దండగ. నేర్చుకోవాల్సింది వేరియబుల్స్ (విలువ దాచే పేర్లు), ఫంక్షన్లు (ఒక పని చేసే కోడ్ ముక్కలు), అర్రేలు (వరుస జాబితాలు), డిక్షనరీలు (కీ చెబితే విలువ ఇచ్చే జాబితాలు), సిగ్నల్స్ (ఏదైనా జరిగిందని మిగతా కోడ్‌కి చెప్పే కబుర్లు). బొమ్మలు గీయడం రాకపోయినా రంగు డబ్బాలతో నడిపించేయొచ్చు.

కాలం దగ్గర జాగ్రత్త. ఫ్రేముకో (తెరమీద బొమ్మ మారిన ప్రతిసారీ) లెక్క చేస్తే సెకనుకి 144 ఫ్రేముల మానిటర్‌లో జనం, 60 ఫ్రేముల దానికంటే రెండింతలకి పైగా వచ్చిపడతారు. డెల్టాని, అంటే పోయిన ఫ్రేము నుంచి గడిచిన సమయాన్ని, ఒక వేరియబుల్‌లో కూడబెట్టండి. అది 0.25 సెకన్లకి చేరినప్పుడల్లా 0.25 తీసేసి ఒక టిక్ (ఆట లెక్కల్లో ఒక అడుగు) నడపండి. సున్నా చేయకండి, మిగులు పోయి గడియారం వెనకబడుతుంది. కోడ్‌లో ఒక్కసారే చూసే ఇఫ్ బదులు, షరతు నిజమైనంతసేపూ తిప్పే వైల్ వాడండి. లేకపోతే ఆట స్పీడు బాగా పెంచినప్పుడు ఒక ఫ్రేములో పడాల్సిన రెండు మూడు టిక్కులకి ఒక్కటే పడుతుంది.

డబ్బుని పైసల్లో, పూర్ణాంకంగా ఉంచండి. గోడోలో ఆటని సేవ్ చేయడానికి జేసన్ (డేటాని టెక్స్టుగా రాసే పద్ధతి) వాడితే ఒక తిరకాసు ఉంది: మళ్లీ లోడ్ చేసేసరికి అంకెలన్నీ ఫ్లోట్‌లు (దశాంశ సంఖ్యలు) అవుతాయి, డిక్షనరీ కీ 1 కాస్తా స్ట్రింగ్ (అంకె కాని ఉత్త అక్షరం) అవుతుంది. కస్టమర్ నంబరు 1 ఎదురుగా ఉన్నా దొరకడు. లోడ్ ఫంక్షన్‌లోనే వాటిని తిరిగి పూర్ణాంకాలుగా మార్చేయండి.