సెంట్రల్ లైన్‌తో బిడ్డను ఇంటికి తీసుకెళ్లే ముందు: రక్తం గడ్డకట్టకుండా జాగ్రత్తలు

చిన్నపేగులో ఎక్కువ భాగం తీసివేయవలసి వచ్చిన పిల్లలకు నోటితో తీసుకునే ఆహారం చాలదు కాబట్టి, గుండెకు దగ్గరి పెద్ద సిరలో అమర్చిన సన్నని గొట్టం (క్యాథెటర్; దీన్నే సెంట్రల్ లైన్ అంటారు) ద్వారా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పోషక ద్రావణం ఎక్కించవలసి వస్తుంది. ఆ గొట్టం సిర లోపలి పొరను ఒరుసుకుంటూ రక్తప్రవాహాన్ని మందగింపజేయడం వల్ల దాని చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు. ఇలాంటి లైన్ వేయదగిన సిరలు శరీరంలో కొన్నే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా మూసుకుపోతే చివరికి పేగు మార్పిడి గురించి ఆలోచించవలసి వస్తుంది. అందుకే ఉన్న లైన్‌ను కాపాడుకోవడమే అన్నిటికన్నా ముఖ్యమని గట్టిగా చెబుతున్నాను.

డిశ్చార్జికి ముందే లైన్ కొన ఎక్కడుందో ఎక్స్‌రే చూపించి వివరించమని వైద్యుణ్ణి అడగండి. ఛాతీ లేదా చేతి లైన్ అయితే, ఎగువ మహాసిర (పై శరీరం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) గుండె కుడి కర్ణికను (కుడివైపు పై గదిని) కలిసే చోట కొన ఉండటం మంచిది. అంతకన్నా పైన ఉంటే గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. చర్మం బయట ఉన్న గొట్టం పొడవు రాసిపెట్టుకుని, అది పెరిగినట్టు కనిపిస్తే వాడకం ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయండి.

లైన్‌ను ఫ్లష్ చేయడానికి, అంటే సెలైన్ తోసి లోపల శుభ్రం చేయడానికి, 10 మిల్లీలీటర్లు లేదా అంతకన్నా పెద్ద సిరంజినే వాడాలి, ఎందుకంటే చిన్న సిరంజి ఎక్కువ ఒత్తిడి కలిగించి గొట్టాన్ని చీల్చవచ్చు. సెలైన్‌ను కొద్దికొద్దిగా, ఆగి ఆగి తోయండి. అడ్డు తగిలితే మాత్రం బలవంతం చేయవద్దు. లైన్ వాడనప్పుడు అందులో నింపి ఉంచే లాక్ ద్రావణం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) అయినా, మరేదైనా వైద్యులు రాసినది, రాసిన మోతాదులోనే వాడాలి.

ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డ ఒకదానికొకటి తోడవుతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, లైన్ మూతిని ఆల్కహాల్ స్వాబ్‌తో రుద్ది, అది పూర్తిగా ఆరాకే సిరంజి తగిలించండి; ఆరేదాకా ఆగడమే చాలామంది తొందరలో వదిలేసే పని. ఎండాకాలంలోనూ, విరేచనాలు లేదా స్టోమా (పొట్టపై పేగుకు చేసిన ద్వారం) నుంచి ద్రవాలు ఎక్కువగా పోతున్నప్పుడూ ఒంట్లో నీరు తగ్గి ముప్పు పెరుగుతుంది కనుక, మూత్రం తగ్గితే వెంటనే వైద్యులకు చెప్పాలి.

చేయి, మెడ, ముఖం వాచినా, ఛాతీపై సిరలు ఉబ్బి కనిపించినా, లైన్‌లోకి మందు వెళ్తూ రక్తం మాత్రం వెనక్కి రాకపోయినా, పంపు పదే పదే అలారం మోగించినా ఆ రోజే ఆసుపత్రికి చూపించాలి. జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. మెడ, చేతి సిరల్లోని గడ్డను డాప్లర్ స్కాన్ (రక్తప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చూపగలిగినా, ఛాతీ లోపలి సిరల్లో ఉన్నది దానికి అందకపోవచ్చు. అందువల్ల స్కాన్ బాగుందన్నా వాపు తగ్గకపోతే మళ్లీ అడగండి. గడ్డ ఉందని తేలినా లైన్‌ను వెంటనే తీసేయవలసిందేనని అనుకోనక్కర్లేదు. అది పనిచేస్తూ, బిడ్డకు అవసరమై ఉంటే చాలాసార్లు దాన్ని ఉంచే, రక్తం గడ్డకట్టకుండా చేసే ఎనాక్సాపారిన్ వంటి మందులతో చికిత్స చేస్తారు.