ఎండు రక్తపు చుక్కలో మలేరియా ప్రోటీన్ హెచ్‌ఆర్‌పీ2 దొరకడం లేదా? జీన్ డిలీషన్ అనే ముందు ఇవి చూడండి

ఫీల్డ్‌లో మలేరియా ర్యాపిడ్ టెస్టు పాజిటివ్. అదే మనిషి రక్తం ఫిల్టర్ పేపర్ మీద ఎండబెట్టి పంపితే, ల్యాబ్‌లో ప్రోటీన్‌ను కొలిచే ఎలైజా పరీక్షలో ఓడీ (రంగు చిక్కదనం రీడింగ్) నెగెటివ్ కంట్రోల్ దగ్గరే ఆగిపోయింది. వెంటనే "జీన్ డిలీషనేమో" అంటారు, అంటే పరాన్నజీవిలో హెచ్‌ఆర్‌పీ2 జన్యువే లేకుండా పోయిందేమో అని. ఆగండి.

ముందు రిజిస్టర్ తీయండి. మలేరియా పరాన్నజీవుల్లో హెచ్‌ఆర్‌పీ2ను తయారుచేసేది ఫాల్సిపారం రకం మాత్రమే, వైవాక్స్ రకం చేయదు. ఈ రెండింటినీ వేర్వేరు గీతలతో చూపే బైవాలెంట్ కిట్‌లో ఏ గీత వచ్చిందో రాయకుండా ఉత్త "పాజిటివ్" అని రాసి పంపేస్తుంటారు. వైవాక్స్ రక్తపు చుక్కల కార్డులో హెచ్‌ఆర్‌పీ2 కోసం ఎలైజా ప్లేట్లు తగలేసేవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది.

ఫాల్సిపారమే అయితే, ఎల్యూషన్ (పేపర్‌లోని రక్తాన్ని బఫర్ ద్రవంలోకి దింపడం) అయ్యాక, కార్డు నుంచి పంచ్ చేసి తీసిన పేపర్ బిళ్లను చూడండి. దాదాపు తెల్లబడితే రక్తం బఫర్‌లోకి దిగినట్టే. ఇంకా ముదురు గోధుమ రంగులో ఉందంటే రక్తం పేపర్‌లోనే ఉండిపోయింది. స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసే కొలత గీత) బాగుందని ధీమా పడకండి. స్టాండర్డ్ ద్రవరూపంలో ఉంటుంది, అది ఎల్యూషన్ దాటి రాదు. అందుకే తెలిసిన పాజిటివ్ రక్తంతో చేసిన ఎండు చుక్క ఒకటి ప్రతి ప్లేట్‌లో ఉండాలి.

రక్తం దిగకపోవడానికి మామూలు కారణం తేమ. వానాకాలంలో పాడేరు, చింతపల్లి లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో రెండు గంటలు ఆరబెట్టి కవర్లో పెడితే చాలదు. నీడలో, పరిచి, రాత్రంతా ఆరాలి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. సిలికా జెల్ రంగు మారితే మార్చేయండి. ఇదంతా మీకు తెలిసిందే.

అసలు దొంగ వేరే చోట ఉంటాడు. కార్డు బాగా ఆరింది, జెల్ కొత్తది, మైనస్ 20లో దాచారు, మొదటిసారి రీడింగ్ కూడా బాగా వచ్చింది. కొన్ని వారాల తర్వాత రిపీట్ పెడితే సగానికి పడిపోయింది. కిట్ లాట్ మీద, పంచ్ చేసినవాళ్ల మీద నింద. జరిగిందేమిటంటే, ఫ్రీజర్‌లోంచి తీసిన కవరును చల్లగా ఉండగానే తెరిచారు. ఫ్రిజ్‌లో నీళ్ల సీసా బయటపెడితే చెమట పట్టినట్టు, ఆ కార్డుల మీద గాల్లోని తేమ దిగుతుంది. పేపర్ దాన్ని వెంటనే పీల్చేసుకుంటుంది కాబట్టి కంటికి కనబడదు. పని అయ్యాక ఆ తేమతోనే కవరు మళ్లీ ఫ్రీజర్‌లోకి. ఇంకో చిక్కేమిటంటే, మీకు కావాల్సింది ఒక్క కార్డే అయినా ఆ కవర్లోని కార్డులన్నీ దెబ్బతింటాయి.

అనుమానం తీరాలంటే, అదే బ్యాచ్‌లో ఎప్పుడూ తెరవని కవరులోంచి పాజిటివ్ కార్డులు తీసి పక్కనే పెట్టండి. వాటి బిళ్లలు తెల్లబడి, తరచూ తెరిచిన కవరువి గోధుమ రంగులో ఉండిపోతే దొంగ దొరికినట్టే.

ఇకపై కవరు మూసి ఉండగానే గది వేడికి రానివ్వండి. చిన్న కవరుకు కనీసం అరగంట, పెద్ద కట్టకు ఇంకా ఎక్కువ. ఒక కవరులో కొన్ని కార్డులే పెట్టండి. రిపీట్‌కు కావాల్సిన బిళ్లలు కూడా ఒకేసారి పంచ్ చేసుకోండి. మూసేటప్పుడు జెల్ చూసుకోండి. ఇప్పటికే చెడిన కార్డులకు ట్వీన్ (సబ్బులాంటి రసాయనం) కలిపిన బఫర్‌లో 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఎల్యూషన్ ఇస్తే కొంత దిగొచ్చు. కానీ ఆ అంకెను నమ్మకండి. పాజిటివ్ వస్తే సరే, నెగెటివ్ వస్తే "నెగెటివ్" అని రాయొద్దు, "పనికిరాని శాంపిల్" అని రాయండి.

హెచ్‌ఆర్‌పీ2 ఉండి, పరాన్నజీవిదే మరో ప్రోటీన్ పీఎల్‌డీహెచ్ మాత్రమే పడిపోయిందా? అది వేడికీ తేమకూ ముందే చెడుతుంది, పాత కార్డులో దాన్ని కొలవకండి. పరాన్నజీవి లేకుండా హెచ్‌ఆర్‌పీ2 వస్తే మందు ఎప్పుడు వేసుకున్నారో అడగండి, చికిత్స తర్వాత కూడా వారాలపాటు ఉంటుంది. గట్టి పాజిటివ్ పక్కన బలహీనమైన పాజిటివ్ కనిపిస్తే పంచ్ పరికరానికి అంటుకుని వచ్చిన రక్తం కావచ్చు, శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య ఖాళీ పేపర్ పంచ్ చేయండి.

జీన్ డిలీషన్ అబద్ధం కాదు. పెరూ అమెజాన్ ప్రాంతంలో బయటపడ్డ సంగతి 2010లో ప్రచురించారు, ఎరిట్రియా దానివల్ల టెస్టు కిట్లే మార్చుకుంది. కానీ అదే కార్డు నుంచి పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షలో ఫాల్సిపారం తేలి, వేరే సింగిల్ కాపీ జీన్ (ఒకే ప్రతిగా ఉండే జన్యువు) కూడా బాగా ఆంప్లిఫై అయి, పీఎల్‌డీహెచ్ కనిపిస్తూ హెచ్‌ఆర్‌పీ2 మాత్రమే లేకపోతేనే ఆ మాట ఎత్తండి.