తెలుగు లేబుల్‌లో వత్తులు విడిపోతే

చెన్నైలో మ్యూజియం లేబుల్‌కి తమిళం, ఇంగ్లీషు పక్కన తెలుగు పెడితే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ‘శాస్త్రం’ కాస్తా ‘శాస్‌త్‌రం’ అయింది. లోపం ఫాంటుది కాదు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ (అక్షరాల్ని లైన్లుగా పేర్చే సెట్టింగ్) ఎంచుకోగానే వత్తులు కుదురుకున్నాయి. దాన్ని పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టుకోండి.

అసలు చిక్కు లైన్ల మధ్య ఎడం. 24 పాయింట్ల అక్షరానికి ఇంగ్లీషులో 29 పాయింట్ల లీడింగ్ (ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగు దాకా దూరం) చాలు. తెలుగులో ‘స్త్ర’ వత్తులు కింది లైను గుడి మీదికి దిగుతాయి. 36 పెట్టాక తేటగా కనిపించింది. చోటు చాలకపోతే క్యూరేటర్‌ని అడిగి వాక్యమే తగ్గించాలి. అక్షరాన్ని నొక్కేస్తే పెద్దవాళ్లు చదవలేరు.

ప్రింటర్‌కి ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే పొదిగిన) పీడీఎఫ్ ఇవ్వండి. లామినేషన్ మ్యాట్‌దే వేయించండి, గ్లాసీ అయితే స్పాట్‌లైట్ మెరుపుకి అక్షరాలు కనిపించవు.